కంప్యూటర్లో నీళ్ళు, బోరింగులో నీళ్ళు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా మావకి చెప్పడం ఎప్పుడూ కష్టమే. ఆయనది కవిటి మండలంలో ఒక ఊరు. ఇంటి వెనక పదిహేను కొబ్బరి చెట్లు, రెండు పనస చెట్లు, ఒక బోరింగు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ బోరింగు గట్టు మీద కూర్చుని అడిగాడు.

"కెమికల్ ఇంజనీరింగు సదివినావు కదా బావూ, ఏ ఫేక్టరీలో సేస్తన్నావు?"

"ఫ్యాక్టరీ కాదు మావా. నీళ్ళూ, ఉప్పూ, నీళ్ళు వడకట్టే పొరలూ కంప్యూటర్లో కడతాం. లోపల అవి ఎలా కదులుతాయో చూస్తాం."

ఆయన కాసేపు ఆలోచించాడు. "కంప్యూటర్లో నీళ్ళా? తాగొచ్చేటి?"

ఇద్దరం నవ్వాం. నా నవ్వు ముందు ఆగింది. మావకి కిడ్నీలు పాడై మూడేళ్ళయింది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్ళివస్తాడు. ఆయన మనవడు, ఆరేళ్ళవాడు, అప్పుడే ఆడుకుంటూ వచ్చి బోరింగు కొట్టుకుని దోసిలి పట్టి తాగుతున్నాడు.

"నాకయితే అయిపోనాది. ఈ గుంటడి సంగతి సెప్పు. ఈ నీళ్ళు తాగమంటావా, మానమంటావా?"

"అది ఇంకా తేలలేదు మావా. రకరకాల కారణాలు అనుమానిస్తున్నారు. రీసెర్చి జరుగుతోంది."

"తేలీదాకా ఈడేటి తాగుతాడు?"

నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పింది అబద్ధం కాదు. సైన్సు ప్రకారం అంతకన్నా కచ్చితమైన వాక్యం లేదు. అయినా ఆ వాక్యం అన్నందుకు సిగ్గుపడ్డాను. నిజం చెప్పి సిగ్గుపడటం ఏమిటన్నదే ఈ వ్యాసం.

ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి. ద్రవాన్ని కంప్యూటర్లో కట్టి చూడొచ్చని మొదట గట్టిగా చూపించిన మనిషి హైదరాబాదులో పుట్టినవాడే. ఆయన పేరు అనీసుర్ రహమాన్. 1964లో, షికాగో దగ్గరి ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీలో పనిచేస్తూ, 864 ఆర్గాన్ పరమాణువులని కంప్యూటర్లో ఒక పెట్టెలో పెట్టాడు. ఏ రెండు పరమాణువుల మధ్యనైనా ఎంత బలం ఉంటుందో ఒక సూత్రం రాసుకున్నాడు. ఆ బలాన్ని బట్టి ఒక్కొక్కటీ కాస్త కదులుతుంది. కదిలాక బలాలు మారతాయి, మళ్ళీ లెక్క కట్టాలి. చేసిందంతా న్యూటన్ సూత్రమే, మళ్ళీ మళ్ళీ. అలా కదిపిన పరమాణువులు నిజమైన ద్రవ ఆర్గాన్ లాగానే ప్రవర్తిస్తున్నాయని ప్రయోగాల్లో వచ్చిన కొలతలతో పోల్చి చూపించాడు. 1971లో ఫ్రాంక్ స్టిలింజర్‌తో కలిసి 216 నీటి అణువులతో అదే పని చేశాడు. ఇవాళ మేం లక్షల అణువులతో చేస్తున్నది ఆ పనికి కొనసాగింపే.

దీనికో హద్దు ఉంది. ఒక సెకనుని పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటో రెండో ముక్కలు మా అడుగు. రెండేసి ముక్కల చొప్పున నడిచినా సెకనులో పదిలక్షల వంతు కాలాన్ని దాటడానికి యాభై కోట్ల అడుగులు వెయ్యాలి. మావ కిడ్నీలు పాడవడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళ దగ్గరికి ఈ నడకతో ఎవరూ చేరలేరు.

ఇంకో హద్దు నీళ్ళ బొమ్మలోనే ఉంది. కంప్యూటర్లో నీళ్ళంటే ఒకటే రకం కాదు. ఎవరికి వారు కట్టిన నమూనాలు చాలా ఉన్నాయి. టిప్‌3పి అని ఒకటి ఉంది. ప్రొటీన్ల మీద, మందుల మీద పనిచేసేవాళ్ళు దశాబ్దాలుగా వాడుతున్నారు. ఆ నీటిలో మంచు కరిగేది సున్నా డిగ్రీల దగ్గర కాదు, మైనస్ 127 దగ్గర! ఎస్‌పిసి/ఇ అని ఇంకొకటి, దానిలో మంచు మైనస్ 58 దగ్గరే కరిగిపోతుంది. తెలిసే వాడతాం. ఎందుకంటే వాటిని కట్టింది గది ఉష్ణోగ్రతలో ఉన్న నీటి సాంద్రతలాంటి కొలతలకి సరిపోయేట్టు. అక్కడ అవి బాగానే పనిచేస్తాయి. మంచు గురించి అడగనంత కాలం ఇబ్బంది లేదు.

మా విద్యలో నిజాయితీ అంటే ఇదే. బొమ్మ తప్పు కాకుండా ఉండటం ఎవరివల్లా కాదు. అది ఎక్కడ తప్పో తెలిసుండాలి, ఆ తప్పున్న చోట దాన్ని ప్రశ్న అడగకూడదు. ఎవరైనా అడిగితే "ఇది దీని పరిధి కాదు" అనాలి. నా గురువులు ఇదే నేర్పారు, నా దగ్గరికొచ్చే పిల్లలకి నేనూ ఇదే చెబుతాను. మావతో "ఇంకా తేలలేదు" అన్నది ఈ అలవాటు కొద్దీనే.

ఉద్దానం సంగతికి వస్తే, ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు ఏ స్థాయిలో ఉందో తెలియని తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువ. షుగరూ బీపీ లేనివాళ్ళకి, పొలంలోనో తోటలోనో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకి వస్తోంది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇలాంటిదే ఉంది. భూగర్భ జలంలో సిలికా అన్నారు. భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు. ఎండలో నీళ్ళు తాగకుండా గంటల తరబడి పనిచెయ్యడం అన్నారు, ఒళ్ళునొప్పులకి మింగే బిళ్ళలన్నారు, వంశంలోనే ఉందేమో అన్నారు. ఇవన్నీ కొంచెం కొంచెం కలిసి కూడా చేస్తుండవచ్చు.

ఇందులో నా విద్య చెప్పగలిగింది కొంత ఉంది. ఇసక నేలలో నీరు ఎటు పారుతుంది, ఒక బావిలో పడిన పదార్థం పక్క బావికి ఎన్నాళ్ళకి చేరుతుంది అన్నది లెక్క కట్టొచ్చు. నీళ్ళలో కరిగిన సిలికా ఎంత చిక్కబడితే ఆర్వో పొర మీద పెచ్చు కడుతుందో చెప్పొచ్చు. ఆ నీళ్ళు గొంతు దిగాక ఇరవై ఏళ్ళలో ఏం చేస్తాయన్నది మా పెట్టె బయటి ప్రశ్న. అంటే మావ అడిగింది సరిగ్గా మా నమూనాలో మంచు లాంటి ప్రశ్న. అడగకూడని చోట అడిగాడు. కానీ ఆయనకి ఆ ప్రశ్న వెయ్యడానికి ఇంకో చోటు ఎక్కడుంది?

తత్వశాస్త్రంలో దీని మీద ఒక పాత తగాదా ఉంది. 1953లో రిచర్డ్ రడ్నర్ అనే ఆయన ఒక మాట అన్నాడు. ఏ సిద్ధాంతమూ నూటికి నూరుపాళ్ళు రుజువు కాదు. ఎక్కడో ఒకచోట "ఈ సాక్ష్యం చాలు" అనుకుని ఆగాలి. ఎక్కడ ఆగాలన్నది పొరపాటు జరిగితే కలిగే నష్టాన్ని బట్టి ఉంటుంది. బెల్టు బకిళ్ళ నాణ్యత తేల్చడానికి సరిపోయే సాక్ష్యం మందు బిళ్ళకి సరిపోదు. కాబట్టి సైంటిస్టు సైంటిస్టుగానే మంచిచెడ్డల తీర్పు చేస్తున్నాడు, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. దీనికి 1956లో రిచర్డ్ జెఫ్రీ జవాబిచ్చాడు: సైంటిస్టు పని దేన్నీ ఒప్పుకోవడమో తోసెయ్యడమో కాదు, ఇది నిజం కావడానికి ఎంత అవకాశం ఉందో చెప్పడం వరకే. ఆ తర్వాత ఏం చెయ్యాలో జనం నిర్ణయించుకుంటారు.

నేను చాలాకాలం జెఫ్రీ పక్షం. చాలా శుభ్రమైన మాట అది. నా పని నాది, నీ పని నీది. అయితే బోరింగు గట్టు మీద కూర్చున్నప్పుడు అందులో రెండు చిక్కులు కనిపించాయి.

మొదటిది, "ఎంత అవకాశం" అని చెప్పే అంకె కూడా ఆకాశంలోంచి ఊడిపడదు. ఏ నీటి నమూనా వాడాలి, లెక్క ఎన్నాళ్ళు నడిపి ఆపాలి, తేడాగా వచ్చిన ఫలితాన్ని పొరపాటని పక్కన పెట్టాలా అని ప్రతి మెట్టు దగ్గరా "ఇది చాలు" అని నేనే అనుకుంటున్నాను. గడువు దగ్గర పడితే ఇంకాస్త తొందరగా అనుకుంటున్నాను. రడ్నర్ చెప్పిన తీర్పు లోపల చాలాసార్లు జరిగిపోయాక నేను బయటికి వచ్చి "నాకే తీర్పూ లేదు" అంటున్నాను.

రెండోది ఇంకా సూటిది. జెఫ్రీ చెప్పిన "జనం" ఎవరు? అంకె ఇస్తే తూచి నిర్ణయించుకునే ఒక కమిటీనో ఆఫీసునో ఊహించుకుని రాసిన మాట అది. పెరట్లో కమిటీ లేదు. మావ ఉన్నాడు, మనవడు ఉన్నాడు, వాళ్ళింట్లో కెమిస్ట్రీ చదివిన ఒక్కడినీ నేను ఉన్నాను. నేను నోరు మూసుకుంటే వాడు ఆ నీళ్ళు తాగడం ఆగదు. నిర్ణయం వాయిదా పడలేదు, నిన్నటి నిర్ణయమే ఇవాళా నడిచింది. "తేలలేదు" అన్నప్పుడు నేను ఏమీ చెప్పలేదనుకున్నాను. నిజానికి "ఇలాగే కానివ్వండి" అని చెప్పాను.

మరి తేలకుండానే పని చెయ్యొచ్చా? చరిత్రలో చాలాసార్లు అలాగే చేశారు. 1854లో లండన్లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో ఒక బోరింగు మీద అనుమానంతో దాని పిడి తీయించాడు. కలరా క్రిమిని రాబర్ట్ కాఖ్ కలకత్తాలో పట్టుకున్నది 1884లో, ముప్పై ఏళ్ళ తర్వాత. పిడి తీసేనాటికే ఆ పేటలో జబ్బు తగ్గుముఖం పట్టిందన్నదీ నిజమే. అయినా ఆ పిడి తియ్యడం తప్పని ఎవరూ అనరు.

నాకు ఇంకా దగ్గరి ఉదాహరణ హెన్రీ డార్సీ. ఇసకలోంచి నీరు ఎంత వేగంగా పారుతుందో చెప్పే సూత్రం ఆయనదే. భూగర్భ జలాల సిమ్యులేషన్ అంతా దాని మీదే నిలబడింది. ఆయన దిజాన్ అనే ఫ్రెంచి పట్టణానికి పన్నెండు కిలోమీటర్ల అవతలి ఊట నుంచి మంచినీళ్ళు తెప్పించింది 1840లో. సూత్రం అచ్చయింది 1856లో, ఆ ఊరి నీటి సరఫరా గురించి రాసిన పుస్తకంలోనే. ముందు నీళ్ళొచ్చాయి, పదహారేళ్ళకి సమీకరణం వచ్చింది.

ఆర్వో సంగతీ అంతే. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ పనికొచ్చే పొరని తయారుచేశారు. నీరు ఆ పొరలో ముందు కరిగి, తర్వాత అణువు అణువుగా అవతలికి చేరుతుందని దశాబ్దాలుగా పాఠాల్లో చెప్పుకున్నాం. 2023లో యేల్ విశ్వవిద్యాలయంలో మెనాహెమ్ ఎలిమెలెక్ బృందం ప్రయోగాలూ కంప్యూటర్ సిమ్యులేషన్లూ కలిపి, అలా కాదు, సన్నటి రంధ్రాల్లోంచి ఒత్తిడికి పారుతోందని వాదించింది. ప్రపంచమంతా తాగుతున్న నీళ్ళు ఆ పొరని ఎలా దాటుతున్నాయన్నది ఇప్పటికీ చర్చే. దాహం ఆ చర్చ కోసం ఆగలేదు.

ఇక్కడితో ఆపితే నాకు అనుకూలమైన వాదమే. రెండోవైపు కూడా చెప్పాలి. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్ళు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి ఊరూరా గొట్టపు బావులు తవ్వించారు. మంచి ఉద్దేశంతోనే. ఆ నేల లోపలి నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని 1990లలో బయటపడేసరికి కోట్లమంది ఆ నీళ్ళే తాగుతున్నారు. చెయ్యకపోతే ఊరుకుంటారా అన్న తొందరలో, ఇచ్చిన నీటిలో ఏముందో సరిగ్గా కొలవలేదు. సిలికానో మరొకటో అని బోరింగు మూసి ఇంకో నీళ్ళు ఇచ్చేవాడు ఈ కథ మర్చిపోకూడదు.

ఈ రెండు వైపులా చూశాక నాకు తోచింది ఇది. రుజువు లేకుండా చేసే పనికి రుజువుతో చేసే పనికన్నా ఎక్కువ బాధ్యతలుంటాయి. పొరపాటని తేలితే వెనక్కి తీసుకోగలిగే పని అయ్యుండాలి. చేశాక కొలవడం మానకూడదు. ఎందుకు చేస్తున్నామో, ఎంత నమ్మకంతో చేస్తున్నామో, ఆ నీళ్ళు తాగేవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పాలి.

ఉద్దానానికి హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చే పథకానికి 2019లో పలాసలో శంకుస్థాపన జరిగింది. దాదాపు 700 కోట్లతో, ఏడు మండలాల్లో ఎనిమిది వందలకు పైగా ఊళ్ళకి. 2023 డిసెంబరు 14న దాన్నీ, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ఆస్పత్రినీ ప్రారంభించారు. భూగర్భ జలమే దోషి అని రుజువయ్యేదాకా ఆగలేదు. ఆగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. శుభ్రమైన ఏటి నీళ్ళు ఇవ్వడానికి రుజువు అక్కర్లేదు, అవి ఎవరికైనా ఇవ్వాల్సినవే.

నా భయం వేరే. "నీళ్ళిచ్చాం కదా" అని ప్రశ్న మూతపడిపోతుందేమో. ఒకవేళ జబ్బులో సగం ఎండదీ, నొప్పి బిళ్ళలదీ అయితే? కొబ్బరి చెట్టెక్కే మనిషికి, జీడి తోటలో రోజంతా వంగి పనిచేసే మనిషికి, పలాసలో జీడి పిక్కలు కాల్చే బట్టీ దగ్గర నిలబడే మనిషికి కుళాయి ఒక్కటే జవాబు కాదు. "తేలలేదు" అన్న మాట ఇక్కడ మళ్ళీ అవసరమవుతుంది, ఈసారి ప్రశ్నని బతికించడానికి. పనిని ఆపడానికి వాడితే అది సాకు. పని చేస్తూ కూడా వెతుకులాట ఆపకుండా వాడితే సైన్సు. మాట ఒక్కటే.

ఇంకొకటి. సిమ్యులేషన్లో పెట్టెకి హద్దులు మేమే గీస్తాం. పరమాణువుల పెట్టెకి ఒక చమత్కారం చేస్తాం. కుడి గోడ దాటిన అణువు ఎడమ గోడలోంచి లోపలికి వచ్చేస్తుంది. ఆ లోకంలో బయట అనేది లేదు. నేల మీద అలా కుదరదు. ఆర్వో ప్లాంటు బొమ్మలో ఒక గొట్టంలోంచి మంచినీళ్ళు వస్తాయి, ఇంకో గొట్టంలోంచి చిక్కటి నీళ్ళు "బయటికి" పోతాయి. ఆ బయట ఎవరి పొలమో, ఎవరి నుయ్యో ఉంటుంది. సోంపేట బీల గవర్నమెంటు కాగితాల్లో ఎందుకూ పనికిరాని బంజరు. చుట్టుపక్కల ఊళ్ళకి అది తంపర భూమి, నీటి తావు, చేపలు పట్టుకునే చోటు. థర్మల్ ప్లాంటు వద్దని నిలబడ్డ జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఎంత గొప్ప కంప్యూటరుకైనా లోపలికి "బంజరు" అని ఇస్తే బంజరుకి తగ్గ జవాబే ఇస్తుంది. లెక్క తప్పు ఉండదు. హద్దు గీసినవాడు ఎవరిని బయట ఉంచాడో ఆ జవాబు చూస్తే తెలియదు.

అందుకని మావ ప్రశ్న నా పెట్టె బయటిదని అనుకున్నప్పుడు నేను ఒక హద్దు గీశాను. విద్యకి ఆ హద్దు సరైనదే, నా బొమ్మ కిడ్నీ గురించి చెప్పలేదు. మనిషిగా నాకు ఆ హద్దు లేదు. నా నమూనాకి తెలియదు అనడం వేరు, నేను నీకు ఏమీ చెప్పను అనడం వేరు. ఆరోజు మొదటిది అంటున్నాననుకుని రెండోది అన్నాను.

రెండు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళాను. రైలు నౌపడా దాటుతుంటే కిటికీలోంచి ఉప్పు మడులు కనిపించాయి. టెక్కలి వైపు వెళ్ళే ప్రతిసారీ చూసేవే. నేను నెలల తరబడి కంప్యూటర్లో చేయించే పని అక్కడ ఎండకి తనంతట తను జరుగుతుంటుంది. ఉప్పు మడిలో మనిషి మాత్రం ఆ ఎండలోనే నిలబడి ఉన్నాడు. అతను రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతాడో ఎవరైనా అడిగారా అనుకున్నాను.

మావ అలిసిపోయి ఉన్నాడు, ముందురోజే డయాలసిస్ అయింది. గట్టు మీద కూర్చుని నేనే మొదలెట్టాను.

"మావా, ఆవేళ నువ్వడిగినదానికి జవాబు చెప్తాను. ఈ నీళ్ళే కారణమని నేను రుజువు చెయ్యలేను. కాదని కూడా చెయ్యలేను. నా కొడుకైతే మాత్రం ఈ బోరింగు నీళ్ళు తాగనివ్వను. ఏటి నీళ్ళు కుళాయికొస్తున్నాయి కదా, అవే పట్టండి. కుళాయి రాని రోజు ఆర్వో నీళ్ళు. స్నానానికీ బట్టలకీ ఇది వాడుకోండి. ఎండలో ఆడినప్పుడు వాడిచేత నీళ్ళు తాగించండి. జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా డాక్టరు చెప్పకుండా నొప్పి బిళ్ళ వెయ్యకండి. పెద్దాళ్ళు కూడా. ఇందులో ఏదైనా తప్పని రేపు తెలిస్తే నేనే వచ్చి చెప్తాను."

"కుళాయి నీళ్ళు మందు వాసనేస్తాయి బావూ. బోరింగుయే తియ్యగుంటాయి."

"తెలుసు మావా. బిందెలో పట్టి కాసేపు ఉంచితే వాసన పోతుంది."

ఆయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక లోపలికి కేకేసి కోడలితో ఇంకో బిందె కడగమన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ మాట ఆ రోజే సెప్పుంటే ఏటయ్యేది?" అన్నాడు.

కోపంగా అనలేదు, తెలుసుకోవాలని అడిగాడు. ఈ ప్రశ్న కూడా నా పెట్టె బయటిదే. ఆలోచిస్తున్నాను.